అయ్యగారి గదిలో అమ్మగారి అక్క

శనివారం పొద్దున పళ్లు తోముకుంటూ పాస్టరు రైండర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఊరి చివర ఒక రైతు కొట్టంలో ఉన్న బొమ్మను తేవాలి, గుడి వెనక తన గదిలో దాచాలి, ఆదివారం తెల్లారగానే ఇంటి ముందు బల్ల మీద కూర్చోబెట్టాలి. మధ్యలో ఒక్క అబద్ధం కూడా ఆడకూడదు. ఈ చివరి షరతే లేకపోతే ఆయన శనివారం హాయిగా గడిచిపోయేది.

నెదర్లాండ్స్‌లోని ఫ్రీస్‌లాండులో ఆడమనిషికి యాభై నిండితే "శారాను చూసింది" అంటారు, బైబిల్లో అబ్రాహాము ముసలి భార్య శారాను తలుచుకుని. ఆ రోజు పొద్దున వాకిట్లో గడ్డి కూరిన ముసలమ్మ బొమ్మ కూర్చుని ఉండాలి. లేకపోతే యాభై నిండినట్టే కాదు. ఆ ఊళ్లో ఇన్నేళ్లుగా ప్రతి శారానూ కుట్టింది పాస్టరు గారి భార్య ఫ్రౌకె. రేపు ఆమెకే యాభై. మొన్నామధ్య ఎవరి బొమ్మకో బొత్తాల కళ్లు కుడుతూ, "నాకెవరు చేస్తారులే" అంది. ఆ మాటకు రైండర్ మనసు కలుక్కుమంది. సూదిలో దారం ఎక్కించడం రాని మనిషి, మూడు వారాలు కొట్టంలో ఎవరికంటా పడకుండా కూర్చుని వేళ్లన్నీ పొడుచుకుని, సంతలో కొన్న పాత ఆకుపచ్చ కోటులో గడ్డి కూరాడు. ముఖం ఉడకబెట్టిన బంగాళాదుంపలా వచ్చింది. కాళ్లు మాత్రం, ఎలా కుదిరాయో ఆయనకే తెలీదు, అచ్చం ఆడవాళ్ల కాళ్లలాగే కుదిరాయి.

ఇక ఆ షరతు సంగతి. ఆరు ఆదివారాలుగా ఆయన అబద్ధమాడొద్దనే తొమ్మిదో ఆజ్ఞ మీద ప్రసంగిస్తున్నాడు. చిన్న అబద్ధం, మంచి అబద్ధం, మర్యాద అబద్ధం అని ఏవీ ఉండవు, అన్నీ అబద్ధాలే అన్నాడు. పోయిన ఆదివారం మరీ ఊపు వచ్చి, ప్రసంగ వేదిక మీద గుద్ది, "నా నోట అబద్ధం వచ్చిన నాడు నేనీ మెట్లెక్కను!" అనేశాడు. దాంతో ఊరంతటికీ నిజం పిచ్చి పట్టుకుంది. కాఫీ వేళ ఒకావిడ ఇంకొకావిడ ఆపిల్ కేకును గోడసున్నంతో పోల్చింది. పాటల బృందంలో ఇద్దరు మాటలు మానేశారు. ఒక పెళ్లికొడుకు, కాబోయే అత్తగారు అడగ్గానే ఆవిడ టోపీ గురించి నిజం చెప్పి, పెళ్లి వాయిదా వేయించుకున్నాడు.

ఫ్రౌకెకు మొదటినుంచీ ఇది నచ్చలేదు. ఆ పొద్దున కూడా రొట్టె మీద జున్ను కోస్తూ మొదలుపెట్టింది. "ఐగుప్తులో మంత్రసానులు పసిపిల్లల్ని కాపాడ్డానికి రాజుతో అబద్ధమాడారు కదండీ. దేవుడు వాళ్లని దీవించలేదూ?"

"దీవించింది వాళ్ల భయభక్తుల్ని. అబద్ధాన్ని కాదు."

"మీరు మంత్రసానైతే ఏం చేసేవారు?"

"నోరు మూసుకునేవాణ్ణి."

"మరి పిల్లలు?"

రైండర్ ఇంకాస్త కాఫీ అడిగాడు.

"ఇవాళ ఎక్కడికి?" అంది కాఫీ పోస్తూ.

"గుడికి."

"శనివారం పొద్దున్నే గుడిలో ఏం పని?"

"నీకు చెప్పకూడని పని," అన్నాడు నిజాయితీగా. ఫ్రౌకె ఈసారి జున్ను కాస్త మందంగా కోసింది.

ముందు పెద్ద పెట్టె ఉన్న సైకిలులో బొమ్మను పడుకోబెట్టి, పైన పట్టా కప్పి, రైండర్ కాలవ గట్టున వస్తున్నాడు. ఎదురుగాలి. పట్టా లేచింది. మేజోళ్లు వేసుకున్న రెండు కాళ్లు, ఎర్ర బూట్లతో సహా, బయటికొచ్చి గతుకు గతుకుకీ ఊగుతున్నాయి. ఆ ఊళ్లో కిటికీలకు తెరలు వేసుకోరు. పక్కింటి చిట్స్కె పిన్ని అయితే కిటికీ దగ్గర్నుంచి లేవనే లేవదు. ఆ వేళ మాత్రం లేచింది, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికొచ్చింది.

"అయ్యగారూ! ఎవరది?"

"అడక్కు పిన్నీ."

"ఆడమనిషేనా?"

కాదంటే నిజమే. కానీ, మరేంటి అంటుంది. బొమ్మ అని చెబితే మధ్యాహ్నానికి ఫ్రౌకె చెవిన పడుతుంది. రైండర్ పట్టా సర్దాడు. "చెప్పలేను."

"ఎక్కడికి తీసుకెళ్తున్నారు?"

"నా గదికి."

"అమ్మగారికి తెలుసా?"

"తెలీదు. దయచేసి తెలియనివ్వకు. రేపటిదాకా!"

అన్నీ నిజాలే. ఒక్క అబద్ధమైనా ఆడి ఉంటే ఆయన పరువు దక్కేది. "ప్రభువా!" అని చిట్స్కె పిన్ని గుండె మీద చెయ్యి వేసుకుని, లోపలికెళ్లి ఫోనందుకుంది.

మధ్యాహ్నం కాఫీ వేళకు సంఘపెద్దలు ఇంటికొచ్చారు. వాళ్లెప్పుడూ జంటగానే వస్తారు. హార్మ్ మాట్లాడతాడు, హెర్లోఫ్ తింటాడు. అతిథికి ఒక్క బిస్కెట్టు ఇచ్చి డబ్బా మూత పెట్టేయడం ఆ ఊరి మర్యాద. ఫ్రౌకె మర్యాద ప్రకారం ఒక్కోటి ఇచ్చి మూత పెట్టింది.

"సుత్తి లేకుండా చెప్తానయ్యగారూ, మీరు నేర్పిందే," అన్నాడు హార్మ్. "గుడిలో మీ గదిలో ఒక స్త్రీ ఉందని ఊరంతా అనుకుంటున్నారు. మా ఆవిడ కిటికీలోంచి చూసింది. ఆకుపచ్చ కోటు, ఎర్ర బూట్లు. గోడవైపు తిరిగి కూర్చుందట. పిలిచినా పలకలేదట. అది మీ మనిషేనా?"

రైండర్ ముఖం బీట్‌రూట్ అయింది. నిజం చెబితే మూడు వారాల కష్టం, రేపటి ఫ్రౌకె ముఖంలో వెలుగు, రెండూ పోతాయి. అబద్ధం చెబితే మెట్లు ఎక్కకూడదు. నోరు మూసుకుంటే, ఇదిగో, ఇప్పుడు మూసుకునే ఉన్నాడు, భార్య ఎదుటే వ్యభిచారి అయిపోతున్నాడు. మంత్రసానుల కష్టం ఆయనకు మొదటిసారి అర్థమైంది. వాళ్లకైనా పక్కన మొగుళ్లు కూర్చుని వినలేదు.

"మౌనం అర్ధాంగీకారం అంటారు," అన్నాడు హార్మ్.

అప్పుడు ఫ్రౌకె కాఫీ కూజా కింద పెట్టింది. "ఓ, తనా? మా అక్క."

రైండర్ ఉలిక్కిపడ్డాడు. ఫ్రౌకెకు ఉన్నది నలుగురు అన్నదమ్ములు.

"మీకు అక్కుందా?" అన్నాడు హార్మ్.

"ఉంది పాపం. నరాల జబ్బు. మనుషుల్ని చూస్తే భయం, పలకరిస్తే పలకదు. ఇంట్లో రాకపోకలెక్కువని నేనే అక్కడ ఉంచమన్నాను. ఈయనేమో ఎవరికీ చెప్పనని నాకు మాటిచ్చారు. ఇచ్చిన మాట తప్పే మనిషి కాదుగా!" అని ఫ్రౌకె డబ్బా మూత మళ్లీ తీసింది. అలాంటిది ఆ ఇంట్లో ఎప్పుడూ జరగలేదు. హెర్లోఫ్ కళ్లు చెమర్చాయి.

హార్మ్ లేచి టోపీ చేత్తో పట్టుకున్నాడు. "క్షమించండమ్మగారూ. మేమేదో... ఊరంతా ప్రార్థన చేస్తాం."

తలుపు మూసుకుంది. ఫ్రౌకె డబ్బా మూత గట్టిగా బిగించింది.

"పుట్టినప్పట్నుంచీ లేని అక్కని మీకోసం పుట్టించాను," అంది. "ఎవరండీ ఆవిడ?"

"రేపు పొద్దున చెప్తాను. ఈ ఒక్క పూట ఆగు, ఫ్రౌకే."

ఆమె వచ్చి ఆయనకెదురుగా కూర్చుంది. "మీకు అబద్ధం రాదు. అందుకని ఒక్కటే అడుగుతాను. నేను ఏడవాల్సిన విషయమా?"

"కాదు."

"అయితే చాలు," అని కప్పులు తీసింది. రైండర్‌కు ఆ క్షణంలో ఆమె మీద పొంగుకొచ్చిన ప్రేమ ఇంతా అంతా కాదు. తన ఆరు ప్రసంగాలకు దక్కిన ఫలం ఇదొక్కటే అనిపించింది.

సాయంత్రానికి గుడి వెనక గది గుమ్మం ముందు బఠానీ సూపు గిన్నెలు వరస కట్టాయి. ఆపిల్ కేకును సున్నమన్న ఆవిడా, అనిపించుకున్న ఆవిడా కలిసి ఒకే కేకు తెచ్చారు. పాటల బృందం మళ్లీ ఒక్కటై కిటికీ కింద నిలబడి మెల్లగా రెండు కీర్తనలు పాడింది. ఆరు వారాల నిజం విరగ్గొట్టిన ఊరిని ఒక్క అబద్ధం అతికించింది. రైండర్ ఇదంతా దూరం నుంచి చూసి, ఏమనుకోవాలో తెలీక ఇంటికి పోయాడు.

ఆదివారం తెల్లారింది. శారా వాకిట్లో బల్ల మీద కూర్చుంది, మెడలో "ఫ్రౌకెకు యాభై!" అని అట్ట. ఎదురుగాలికి అట్ట తిరగబడింది, అది రైండర్ చూసుకోలేదు. ఫ్రౌకెను పిలుద్దామని లోపలికి వెళ్లాడు.

ఆరాధనకు బయల్దేరిన చిట్స్కె పిన్ని చేతిలో వేడి సూపు ఉంది. బల్ల మీద ఆకుపచ్చ కోటు చూసింది.

"ఎంత అన్యాయం! జబ్బు మనిషిని ఈ చలిలో బయట కూర్చోబెడతారా!" అని అరిచి, తన శాలువా తీసి కప్పింది. "తల్లీ, నీకేం భయం లేదు. ఒక్క చెంచా తాగు." ఎంతకీ నోరు తెరవకపోయేసరికి గడ్డం పట్టుకుని ఇటు తిప్పింది.

తల ఊడి ఆమె చేతిలోకి వచ్చింది.

ఆ కేక పక్క ఊరిదాకా వినిపించింది. సూపు గిన్నె ఒకవైపు, చిట్స్కె పిన్ని ఒకవైపు పడితే, తల దొర్లుకుంటూ వెళ్లి అప్పుడే వస్తున్న హార్మ్ బూటుకు తగిలి ఆగింది. హార్మ్ పెద్దగా ప్రార్థన మొదలెట్టాడు. హెర్లోఫ్ మాత్రం వంగి, తల చేతిలోకి తీసుకుని, జీవితంలో మొదటిసారి కాబోలు, ముందు నోరు విప్పాడు. "గడ్డి," అన్నాడు.

అప్పటికి ఫ్రౌకె గుమ్మంలోకి వచ్చింది. బొమ్మను చూసింది, వంకరటింకర కుట్లు చూసింది, మొగుడి వేళ్ల మీద మూడు వారాల కట్లు మళ్లీ చూసింది. పగలబడి నవ్వింది, వెంటనే ఏడ్చింది. "మీరా? మీ చేతుల్తోనా?" అని ఆయన కోటులో ముఖం దాచుకుంది. గుడికి వెళ్లేవాళ్లంతా గుమిగూడి చప్పట్లు కొట్టారు.

"మరి అక్క అన్నారు?" అన్నాడు హార్మ్.

ఫ్రౌకె తల ఎత్తింది. "శారాను తోబుట్టువని చెప్పడం నాతో మొదలు కాలేదుగా హార్మ్ గారూ. అబ్రాహాము అంతటివాడే ప్రాణభయంతో పెళ్లాన్ని చెల్లెలన్నాడు."

హార్మ్ అక్క సంగతి అక్కడితో వదిలేశాడు. కానీ కింద పడ్డ అట్ట తీసి చదివాడు. ఇంకోసారి చదివాడు. "యాభయ్యా? పోయినేడు నలభై ఆరన్నారు కదా?"

"నాతోనూ అలాగే చెప్పింది," అంది చిట్స్కె పిన్ని, కింద కూర్చునే.

చప్పట్లు ఆగిపోయాయి. ఫ్రౌకె ముఖం పాలిపోయింది. "నాకెవరు చేస్తారులే" అన్నది దిగులు కాదు, తన అసలు వయసు ఊరికి తెలీదన్న ధీమా అని రైండర్‌కు అప్పుడు తెలిసింది. తన చేతుల్తోనే ఆమెను ఊరి ముందు నిలబెట్టాడు.

"మీరే చెప్పండి అయ్యగారూ," అన్నాడు హార్మ్. "మీ నోట అబద్ధం రాదుగా."

రైండర్ రోడ్డవతలి గుడి వైపు చూశాడు. తెరిచిన తలుపులోంచి ప్రసంగ వేదిక మెట్లు కనిపిస్తున్నాయి. తర్వాత తన కోటు అంచును బిగించి పట్టుకున్న చేతిని చూశాడు. నిన్న కాఫీ కూజా కింద పెట్టిన చెయ్యి.

"నలభై ఏడే," అన్నాడు. "లెక్కల్లో నేను ముందునుంచీ మొద్దునే."

ఆరు వారాలు నిజమే పలికిన నోరు కదా, ఒక్కరూ అనుమానించలేదు. ఊరంతా విరగబడి నవ్వింది. మూడేళ్లు ముందే భార్యను ముసల్దాన్ని చేసిన మొగుణ్ణి ఎక్కడా చూడలేదన్నారు. హార్మ్ ఆయన భుజం తట్టి, మూడేళ్ల తర్వాత మళ్లీ కుట్టాలని గుర్తుచేశాడు. ఫ్రౌకె మాత్రం ఆయన కోటు అంచు వదల్లేదు.

ఆ ఆదివారం పాస్టరు గారు మెట్లెక్కకుండా కిందే నిలబడి ప్రసంగించారు.

మోకాళ్ల నొప్పా అని అడిగిన వాళ్లందరికీ ఫ్రౌకె అవునని చెప్పింది.