కెర్నెల్ పడితేనే కాలేజీ నిలబడుతుంది

కంప్యూటర్ రోజుకోసారి కుప్పకూలడం దేశానికి ఎంతో మేలు! నవ్వకండి, నేను నవ్వుతూ చెప్పడం లేదు. వరంగల్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీ ఈ మేలును ఏళ్ల తరబడి అనుభవించింది. కిందటేడు, అంటే ఎనభై ఆరులో, లిదియా అనే లెక్చరరమ్మ దాన్ని చేతులారా పాడుచేసింది.

ఆ కాలేజీకి ఉన్నది ఒకే ఒక కంప్యూటర్. దాని చుట్టూ వరసగా టెర్మినళ్లు. పొద్దున్నే అందరూ చెప్పులు బయట విడిచి, ఏసీ గదిలో భక్తిగా కూర్చునేవారు. పదకొండు కొట్టేసరికి తెరలన్నీ ఒక్కసారిగా కొయ్యబారిపోయేవి. అంతే! చెప్పులేసుకుని క్యాంటీన్‌కు పరుగు! ఆ క్యాంటీన్‌లో ఎన్ని సంబంధాలు కుదిరాయి, శకుంతల మేడం చేతిలో ఎన్ని స్వెట్టర్లు పూర్తయ్యాయి! ఆపరేటర్ వెంకట్రాజం మెషిన్‌ను మళ్లీ లేపేలోగా తనూ ఒక కునుకు తీసేవాడు.

ఎందుకు పడిందని అడిగితే డిపార్ట్‌మెంట్ హెడ్ రాజేశ్వర్ రావు గారు సీలింగ్ వైపు చూసి "కరెంటు మంచిగ లేదు" అనేవారు. కరెంటు బాగున్న రోజున దుమ్ము. దుమ్ము ఎలా వచ్చింది? ఎవరో చెప్పులతో లోపలికి వచ్చి ఉంటారు! ఆ చెప్పులెవరివో తేల్చడానికి ఒక కమిటీ కూడా వేశారు.

లిదియాది వరంగల్‌లోనే మట్టెవాడ. టెంపరరీ ఉద్యోగం, ఏటేటా పొడిగించే రకం. ఆ ఏడు పర్మనెంట్ చేస్తామన్నారు. హెడ్ గారు ఒక్క సంతకం పెడితే చాలు. వాళ్లమ్మ ఏసమ్మ ఆ మాట అప్పుడే చర్చిలో అందరికీ చెప్పేసింది. ఇలాంటప్పుడు బుద్ధున్న మనిషి ఏం చేస్తుంది? స్వెట్టర్ అల్లుకుంటుంది. లిదియా వెళ్లి కెర్నెల్‌లో వేలు పెట్టింది!

కెర్నెల్ అంటే కంప్యూటర్‌ను నడిపే మూల ప్రోగ్రాం. తక్కినవన్నీ దాని దయ మీద బతుకుతాయి. మట్టెవాడలో రామలింగం కిరాణా కొట్టు ఉంది కదా, సరుకంతా కొట్లో పట్టదు, సగం గోడౌన్‌లో ఉంటుంది. అడిగింది కొట్లో లేకపోతే గోడౌన్ నుంచి తెప్పిస్తాడు. కంప్యూటర్‌లో దీన్నే పేజ్ ఫాల్ట్ అంటారు. ఇందులో ఎవరి తప్పూ లేదు, రోజూ జరిగే వ్యాపారమే. కానీ ఎవడో లేని గోడౌన్ అడ్రసు ఇచ్చాడనుకోండి. ఆ కాలేజీ కెర్నెల్, అసలు ఆ గోడౌన్ ఉందో లేదో చూడకుండా, తనే బయల్దేరి వెళ్లి గోతిలో పడేది. యజమాని పడ్డాక కొట్టు మూతే కదా!

లిదియా ఏం చేసిందంటే, ఒక ప్రోగ్రాం ఇచ్చిన అడ్రసును ముట్టుకునే ముందు "ఇక్కడ పడితే నన్ను ఫలానా చోట లేపండి" అని కెర్నెల్ చెప్పి పెట్టుకునే ఏర్పాటు చేసింది. ఇక ఫాల్ట్ వచ్చినా కెర్నెల్ లేచి నిలబడుతుంది. తప్పు అడ్రసు ఇచ్చిన ప్రోగ్రాం మాత్రం "అడ్రసు చెల్లదు" అన్న జవాబు పుచ్చుకుని ఆగిపోతుంది. పక్కవాళ్లకు తెలియను కూడా తెలియదు.

ఎంత అన్యాయం! ఒకడి తప్పుకు అందరూ సమానంగా పడే సోషలిజం పోయి, ఎవడి తప్పుకు వాడే పడాల్సిన రోజులు వచ్చాయి!

వారాలు గడిచాయి. మెషిన్ పడలేదు. క్యాంటీన్‌లో మిర్చిబజ్జీలు మిగిలిపోయాయి. విద్యార్థులు పాపం అసైన్‌మెంట్లు ఇవ్వాల్సి వచ్చింది. "మెషిన్ పడకుంటే నన్నెవలు ఉంచుకుంటరమ్మా?" అని వెంకట్రాజం లిదియా దగ్గర మొత్తుకున్నాడు.

అసలు ఘోరం ఇంకొకటి. రోజూ పదకొండింటికి మెషిన్ గదిలోని తెర మీద ఒకే వరుస కనబడసాగింది. అడ్రసు చెల్లదు. ప్రోగ్రాం: పత్తి ధర అంచనా. యజమాని: రాజేశ్వర్ రావు! ఆ ప్రోగ్రాం చివరిదాకా నడవగా చూసినవారు లేరు. దాని ఫలితాల మీద సదస్సుల్లో దండలు మాత్రం పడ్డాయి.

హెడ్ గారు లిదియాను పిలిపించారు.

"జర కూసోమ్మా. మూడేండ్ల సంది నా ప్రోగ్రాంల ఒక్క ఎర్రర్ చూసినవా?"

"లేదు సార్. అంతలోనే మెషిన్ పడిపోతుండె కద."

"మరి నువ్వు చెయ్యి వెట్టినంకనే ఎర్రర్ వచ్చె. తప్పెవరిదన్నట్టు?"

ఈ తర్కానికి జవాబుందా? మీరే చెప్పండి!

"నువ్వు వెట్టింది పీకెయ్. లేకుంటే నా ప్రోగ్రాంకు ఎర్రర్ బదులు సక్సెస్ అని వచ్చేటట్టు రాయి. హైదరాబాద్ నుంచి ఆఫీసర్లు వస్తాండ్రు, ఆ ధరనే బయటికి చెప్తరు. నీ పర్మనెంట్ సంగతి నేను చూసుకుంట, ఫికర్ చెయ్యకు."

ఇంటికెళ్లి లిదియా ఏడ్చింది. ఆ ఉద్యోగం ఆమెకు కావాలి, చాలా కావాలి.

"సార్ చెప్పినట్టు రాయరాదు బిడ్డా? ఒక్క మాటనే కద!" అంది ఏసమ్మ.

"ఆ ఒక్క మాట నమ్మి నర్సంపేటల రైతులు పత్తి అమ్ముకుంటరమ్మా."

మర్నాడు లిదియా హెడ్ గారి ముందు నిలబడి, "మెషిన్‌కు తప్పును తప్పని చెప్పుడు నేర్పిన సార్. అబద్ధం చెప్పుడు నాతోని కాదు" అంది. పెద్దలతో మాట్లాడే తీరేనా ఇది?

ఆమె ఉద్యోగాన్ని పొడిగించలేదు. మెషిన్ పడటం లేదు కనుక దాన్ని చూసుకునే మనిషి అక్కర్లేదని ఆర్డర్ వచ్చింది. ఆ తర్వాత ఆమె రాసినదంతా తీసేసి, పాత కెర్నెల్‌ను మళ్లీ ఎక్కించారు. ఆఫీసర్లు వచ్చారు. రాజేశ్వర్ రావు గారు ప్రోగ్రాం మొదలుపెట్టారు. పదకొండింటికి తెరలన్నీ కొయ్యబారాయి.

హెడ్ గారు కరెంటు అనలేదు. కరెంటు డిపార్ట్‌మెంట్ పెద్ద ఇంజనీరు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు మరి! "లిదియా అని ఒక పిల్ల ఉండె సార్. కెర్నెల్ల చెయ్యి వెట్టి ఖరాబ్ చేసింది. అప్పటిసంది గిట్లనే పడుతాంది" అన్నారు. ఆఫీసర్లు అయ్యో అన్నారు. కొత్త కంప్యూటర్ మంజూరు చేశారు. పడ్డ మెషిన్‌ను లేపినందుకు వెంకట్రాజంను పర్మనెంట్ చేశారు. చేయండి, నాకేం కడుపుమంట లేదు.

లిదియా ఇప్పుడు ఒక బడిలో లెక్కలు చెబుతోంది. ఆమె ఆ కాలేజీలో లేదు, ఆమె రాసిన ఒక్క లైనూ ఆ మెషిన్‌లో లేదు. అయినా అది పడిన ప్రతిసారీ తప్పు ఆమెదే. ఫాల్టును ఇంత సేఫ్‌గా హ్యాండిల్ చేయడం ఏ కెర్నెల్‌కు చేతనవుతుంది, చెప్పండి?