మంత్రిగారి తాతగారి అయిదు నోటు

మూడేళ్ల కిందట మా సంస్కృతి శాఖ మంత్రిగారు ఆ సంవత్సరాన్ని ‘పాత నోటు సంవత్సరం’గా ప్రకటించారు. “చెల్లని నోటును చిన్నచూపు చూసే జాతి బాగుపడదు!” అని ఆయన మైకు పట్టుకుని గర్జించగానే ముందు వరుస మొత్తం లేచి చప్పట్లు కొట్టింది. ముందు వరుసలో కూర్చున్నది ఆయన శాఖ ఉద్యోగులే. అయినా లేచారు కదా, అది గొప్ప కాదా?

మంత్రిగారంటే నాకు మొదటినుంచీ గౌరవం. ఆయన సన్మానపత్రాలకు ఫ్రేములు కట్టేది నేనే. వారానికి ఎంత లేదన్నా నాలుగు వస్తాయి. అలాంటి మనిషిని గౌరవించకపోతే నా దుకాణం నడవదు.

ప్రకటన సారాంశం ఏమిటంటే, ఇళ్లలో దాచుకున్న పాత కాగితం నోట్లను జనం తెచ్చి ఇవ్వాలి, ప్రభుత్వం వాటిని ఇచ్చినవాళ్ల పేర్లతో ప్రదర్శనశాలలో పెడుతుంది, ఏడాది తర్వాత ఎవరివి వాళ్లకి తిరిగి ఇచ్చేస్తుంది. దీనికోసం ఒక ప్రత్యేకాధికారిని వేశారు. ఆయనకు ఒక గది, ఒక ఫ్యాను, రెండు వేల రసీదులు ఇచ్చారు.

నెల గడిచింది. ఒక్క పిట్ట రాలేదు. పాత నోటు చూపిస్తే ‘ఇది ఎక్కడిది, ఇంకా ఎన్ని ఉన్నాయి’ అని అడుగుతారని జనానికి భయం. ప్రత్యేకాధికారి నా దుకాణానికి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమయ్యా, ప్రారంభోత్సవం పన్నెండు రోజుల్లో ఉంది. ఒక్క నోటైనా లేకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. నీకు తెలిసినవాళ్లెవరూ లేరా?”

నా నోరు ఊరుకోదు. “మా పిన్ని దగ్గర ఒకటుంది సార్” అన్నాను. ఆ మాట అన్నందుకు ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటూనే ఉన్నాను.

మా పిన్ని ముప్పై ఏళ్లు సినిమా హాల్లో టికెట్లు అమ్మింది. మా బాబాయి కరెంటు మీటర్ల రీడింగు రాసేవాడు. ఒక ఆదివారం కౌంటరు కన్నంలోంచి ఒక అయిదు నోటు లోపలికి వచ్చింది. దాని అంచున పెన్సిల్‌తో రాసి ఉంది: ‘మ్యాట్నీకి రెండు టికెట్లు. రెండోది మీకే.’ పిన్ని తన పర్సులోంచి మరో అయిదు తీసి గల్లాలో వేసి, ఈ నోటు దాచుకుంది. రెండు టికెట్లూ చింపింది. కౌంటరు కట్టేసి లోపలికి వెళ్లేసరికి సినిమా సగం అయిపోయింది. ఆ మొదటి సగం కథ బాబాయి బతికినన్నాళ్లూ ఆవిడకి చెబుతూనే ఉన్నాడు. ప్రతిసారీ కథ మారేది.

బాబాయి పోయాక పిన్ని ఆ నోటును కళ్లజోడు పెట్టెలో పెట్టుకుంది. కళ్లజోడు మాత్రం ఎక్కడ పెట్టిందో రోజూ వెతుక్కునేది.

“ఏడాదే కదా పిన్నీ. నీ పేరు, బాబాయి పేరు రాసి పెడతారు. పదిమందీ చూస్తారు” అన్నాను.

“ఆయన్ని పదిమందీ చూసింది ఎప్పుడురా? మీటరు చూడ్డానికి వెళ్తే కుక్కలు తప్ప ఎవరూ పలకరించేవారు కాదు” అంది పిన్ని. ఆ మాటకే మెత్తబడి, మర్నాడు నాతో ఆఫీసుకు వచ్చింది.

ప్రత్యేకాధికారి రసీదు రాసి, సంతకం చేసి, ముద్ర గుద్ది ఇచ్చాడు. సరిగ్గా నోటంత గులాబి రంగు కాగితం. ‘ఈ రసీదు గలవారి సొంత అయిదు నోటు ఒకటి తాత్కాలికముగా తీసుకొనబడినది. ఈ రసీదు ఇచ్చి నోటు తీసుకొనిపోవలెను.’

పిన్ని రెండుసార్లు చదివింది. “కాగితం ఇచ్చి కాగితం తీసుకోవడమే నేను జీవితమంతా చేసిన పని. ఒక్కరోజు కూడా లెక్క తప్పలేదు బాబూ. మీరూ తప్పకండి.”

“ప్రభుత్వం మాట తప్పుతుందా అమ్మా!” అన్నాడు అధికారి. పాపం, కొత్తగా వచ్చినవాడు కాదు కూడా.

ప్రారంభోత్సవం నాడు పిన్ని ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. హాలంతా దీపాలు, కెమెరాలు, పెద్ద తెర. మధ్యలో ఒకే ఒక ఫ్రేము, నేను ఖాళీగా కట్టి ఇచ్చిందే. దాని కింద ఇత్తడి పలక: ‘గౌరవ మంత్రివర్యుల తాతగారి తొలి కష్టార్జితం.’

పిన్ని పలక చదివింది, ఫ్రేము చూసింది, నన్ను చూసింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

“ఇది నా నోటు” అంది అధికారితో. “దీని మీద మా ఆయన చేతిరాత ఉండాలి. ఏం చేశారు?”

అధికారి గర్వంగా చెప్పాడు. “ఎవరో పిచ్చిగీతలు గీసి పాడుచేశారమ్మా. నేనే స్వయంగా రబ్బరు పెట్టి గంటసేపు తుడిచాను.”

ముప్పై ఏళ్లు హౌస్‌ఫుల్ బోర్డు కింద జనంతో పోట్లాడిన మనిషి, పక్కనున్న స్తంభం పట్టుకుని నిలబడిపోయింది. నేను ఆవిడ చెయ్యి పట్టుకోబోతే విదిలించేసింది.

ఈలోగా మంత్రిగారు రిబ్బను కత్తిరించారు. కెమెరా వాళ్లు ఫ్రేముకు పక్కనుంచి లైటు కొట్టి, బొమ్మను పెద్ద తెర మీద వేశారు. నోటు అంచున అక్షరాలు తేలాయి.

రాత పోయినా నొక్కు పోలేదు. బాబాయికి మూడు కార్బన్ కాపీలు పడేలా నొక్కి రాయడం అలవాటు. ఆయన శుభలేఖ మీద పేరు రాస్తే కింద బల్ల మీద కూడా చదువుకోవచ్చు.

మంత్రిగారు తెర చూసి తొణకలేదు. అదీ నాయకత్వమంటే! గొంతు సవరించుకుని చదివారు. “మ్యాట్నీకి రెండు టికెట్లు. రెండోది మీకే.” జేబురుమాలు తీశారు. “చూశారా? మా తాత ఏమన్నాడు? ఒకటి నాకు, రెండోది మీకు! ‘మీకు’ అంటే ఎవరికి? ప్రజలకి! తన సంపాదనలో సగం ప్రజలకిచ్చిన కుటుంబం మాది!”

చప్పట్లతో పైకప్పు ఎగిరిపోయింది. ‘రెండోది మీకే’ అనే పథకాన్ని ఆయన అక్కడికక్కడే ప్రకటించారు. ఆ పథకం ఏమిటో తేల్చడానికి వేసిన కమిటీ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది.

ఏడాది పూర్తయిన రోజు పిన్ని రసీదు పట్టుకుని ఆఫీసుకు వెళ్లింది. నేనూ వెళ్లాను.

“మీరిచ్చిన నోటు మీద రాత ఉందన్నారు కదా. మా రికార్డులో రాత లేని నోటే ఉంది” అన్నాడు అధికారి.

“ఊరంతా తెర మీద చదివారు కదా!”

“అది తాతగారి రాత.”

“మరి మా ఆయనది?”

“అది తుడిచేశాను కదమ్మా, మీకు అప్పుడే చెప్పాను.”

నేను కల్పించుకోబోతే పిన్ని వద్దంది. రసీదు మడతపెట్టకుండా పర్సులో పెట్టుకుని లేచింది. ఇంటి గుమ్మంలో అంది: “మొదటి సగం ఆయన చెప్పేవాడు. ఇప్పుడు చెప్పేవాళ్లూ లేరు, రాసిందీ లేదు.”

ఆ వారమే దేవుడు మంత్రిగారి నోట మంచి మాట పలికించాడు. “అరచెయ్యంత ఫ్రేములో మా తాతని ఇరికిస్తారా? బంగారు పూత ఫ్రేము కట్టించండి!” అన్నారట. అధికారి ఫ్రేము తెచ్చి నా బల్ల మీద పెట్టి, “సాయంత్రానికి కావాలి” అని వెళ్లిపోయాడు.

నేను షట్టరు సగం దించి పిన్నికి ఫోను చేశాను. ఆవిడ చెప్పులు కూడా మార్చుకోకుండా వచ్చింది. వెనక అట్ట విప్పి నోటు చేతిలో పెట్టాను. ఆవిడ దాన్ని కిటికీ వెలుగులో వాల్చి, పెదవులు కదుపుతూ చదువుకుంది. ఆ తర్వాత చాలాసేపు ఏడ్చింది. నేను మేకులు లెక్కపెడుతున్నట్టు నటించాను.

“తీసుకుపో పిన్నీ. లోపల ఏదో ఒక తెల్ల కాగితం పెట్టేస్తాలే.”

“ఛీ, అదేం పనిరా! దొంగతనంగానా?” అంటూ పర్సు తెరిచింది. గులాబి రసీదు తీసి బల్ల మీద పెట్టింది. “ఇది ఇచ్చి అది తీసుకుపొమ్మన్నారు. ఇచ్చాను.”

కొలత సరిగ్గా సరిపోయింది. బంగారు పూత అంచుకి గులాబి రంగు భలే నప్పింది కూడా.

మొన్న మూడో వార్షికోత్సవం జరిగింది. దండలు, దీపాలు, ముందు వరుస, అన్నీ ఉన్నాయి. ఈసారి మంత్రిగారు మామూలుగా దణ్ణం పెట్టి ఊరుకోలేదు. ఫ్రేము దగ్గరకు వంగి, కళ్లజోడు సవరించుకుని, పైనుంచి కిందిదాకా చదవడం మొదలుపెట్టారు. నేను బయటికి వెళ్లే తలుపు ఎటుందో చూసుకున్నాను. పక్కన పిన్ని మాత్రం టికెట్టు కొన్న మనిషిలా నింపాదిగా కూర్చుంది.

మంత్రిగారు తలెత్తారు. ఆయన కళ్లు చెమర్చి ఉన్నాయి.

“తాతా! ఏడాదికేడాది నీ అక్షరాలు ఎంత స్పష్టంగా కనిపిస్తున్నాయి!”

ఆయన వెనకే నిలబడిన ప్రత్యేకాధికారి, ఫ్రేములో తన సంతకం వైపే చూస్తూ, భక్తిగా కళ్లు తుడుచుకున్నాడు.