కదిరప్పకు పడని పన్ను

ఆ పొద్దున కదిరప్ప పెట్టుకున్న పనులు రెండే. ట్రెజరీకి పోయి పెన్షన్ తీసుకోవడం, వచ్చేటప్పుడు అరకేజీ వంకాయలు తేవడం. ధర్మవరం తాలూకా ఆఫీసులో గుమాస్తాగా రిటైరై ఏడాది దాటింది. రెండు పనులూ సక్రమంగా ముగించుకుని ఎండ ముదరకముందే ఇల్లు చేరాడు. అసలు గొడవ వంకాయలు కోస్తున్న భార్య నాగలక్ష్మమ్మ మాటతో మొదలైంది.

"పక్కింటి లక్ష్మీనరసమ్మ చెప్పింది. రామదాసన్నకు ఇన్‌కంటాక్స్ పడిందంట. రేపు అనంతపురం పోతాడంట, ఆడిటరును చూసేదానికి."

కదిరప్ప చెప్పులు విప్పడం మరిచిపోయాడు. రామదాసు ఆఫీసులో అతని ఎదుటి బల్ల మీద పనిచేసినవాడు. ఇద్దరిదీ ఒకే జీతం, ఒకే పెన్షన్, ఇంచుమించు ఒకే ప్రావిడెంట్ ఫండ్. రామదాసు ఇంట్లో ఫ్యాను తిరిగిన వారానికే కదిరప్ప ఇంట్లోనూ తిరిగింది. అలాంటిది ఇప్పుడు రామదాసుకు తనకు లేని పన్ను వచ్చింది. ఆ వీధిలో పన్ను అంటే పట్టుచీరల వ్యాపారి బయ్యన్నలాంటివాళ్ళు గొంతు తగ్గించి మాట్లాడుకునే విషయం.

"వానికెట్ల పడింది?"

"దుడ్లుండాయి కాబట్టి పడింది. మనకు యాల పడలేదో నువ్వే చెప్పల్ల," అంది నాగలక్ష్మమ్మ వంకాయను నిలువునా చీలుస్తూ.

ఆ మధ్యాహ్నం కదిరప్పకు అన్నం సయించలేదు. మర్నాడు రామదాసు ఎక్కిన బస్సు వెళ్ళిపోయేదాకా ఆగి, ఆ తర్వాతి బస్సులో అనంతపురం వెళ్ళాడు. రామదాసు బయటికి వచ్చాక, అదే ఆడిటరు హనుమంతరాయుడి ముందు కూర్చున్నాడు.

"నాకు పన్ను ఎంత పడుతుందో చూడండి సార్."

ఆడిటరు వివరాలన్నీ అడిగి తెలుసుకున్నాడు. "నీకేం పడదప్పా. సర్కారు ప్రావిడెంట్ ఫండుకు పన్ను లేదు. దాంతో నువ్వు పోస్టాఫీసులో పొదుపు పత్రాలు కొన్నావు, ఆ వడ్డీకి మినహాయింపు ఉండాది. పెన్షన్ పరిమితి లోపలే. నిమ్మళంగా ఇంటికి పో."

"కొంచెం కూడా పడదా?"

"పడదు."

"ఇంకొక తూరి చూడండి సార్. రామదాసుకు పడింది కదా. మాది ఒకే ఆఫీసు."

ఆడిటరు కళ్ళద్దాలు తీసి అతన్ని తేరిపార చూశాడు. "ఒకరి సంగతి ఇంకొకరికి చెప్పేది లేదు. పన్ను లేదంటే దిగులు పడినోణ్ణి మాత్రం ఇప్పుడే చూస్తాండా."

ఎండిన వేరుశనగ చేల మధ్య బస్సు నడుస్తున్నంతసేపూ కదిరప్ప తలెత్తలేదు. ఇల్లు చేరేసరికి నాగలక్ష్మమ్మ గడపలో ఉంది. పక్కనే లక్ష్మీనరసమ్మ నిలబడి ఉంది.

"ఏమన్నాడు?" అంది భార్య.

కదిరప్ప లక్ష్మీనరసమ్మ వైపు చూశాడు. "పడింది. బాగానే పడింది," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి, "బయట చెప్పొద్దండి," అన్నాడు.

సాయంత్రానికి వీధంతా తెలిసింది. పాలు పోసే తిమ్మక్క, "పన్నుతో అవస్థ పడతాండావంట కదన్నా, పీకించుకుంటే పోయేదానికి," అని సానుభూతి చూపింది. మిగిలినవాళ్ళు సరిగ్గానే అర్థం చేసుకున్నారు. బావమరిది అంజినప్ప యాడికి అనే ఊరి నుంచి సంచీతో దిగాడు.

"బావా, బోరు ఎండిపాయె. ఇంకోటి ఏయించల్ల. అంత పన్ను కట్టేవానికి ఇదొక లెక్కా?" అని అరుగు మీద చాప పరుచుకున్నాడు. మళ్ళీ ఊరికి పోయే మాటే ఎత్తలేదు.

కరువుకు వీధిలో గంజి కేంద్రం పెడుతున్న పెద్దలు చందా కోసం వచ్చారు. రామదాసు ఎంతిచ్చాడో కనుక్కుని కదిరప్ప అంతకు రెట్టింపు రాయించాడు. దాతల పలక మీద తన పేరు రామదాసు పేరుకు పైన కనిపించిన రోజు మాత్రం తృప్తిగా నిద్రపోయాడు.

ఆ పన్ను మాట బయ్యన్న దగ్గరికి చేరేసరికి ఇంకో రూపం తీసుకుంది. కదిరప్ప ఇంటిని సోదా చేయడానికి టాక్సు ఆఫీసర్లు వస్తున్నారనీ, వచ్చాక వీధంతా చూస్తారనీ అతను విన్నాడు. పొద్దున్నే అంగడికి తాళం వేసి, చీరల మూటలను ఎద్దులబండిలో కొత్తచెరువు ఊళ్ళోని అత్తగారింటికి పంపించాడు. అది చూసి మిగతా అంగళ్ళూ మూతపడ్డాయి. అసలే పెళ్ళిళ్ళ కాలం. బెంగళూరు నుంచి వచ్చిన వ్యాపారులు తాళాలు చూసి వెనక్కి పోయారు. కూలి చేతికందని మగ్గాలవాళ్ళు కదిరప్ప ఇంటిముందు గుమిగూడారు.

"నీ పన్ను నువ్వు కట్టప్పా. నీ పాటికి నువ్వు కూచుంటే మా పొయ్యిల్లో పిల్లి పండుకుంటాది," అన్నారు.

"రేపే అనంతపురం పోదాం. మేమూ వస్తాం," అన్నాడు బయ్యన్న. రామదాసూ బయల్దేరాడు. కదిరప్పకు తనకన్నా ఎక్కువ పడిందేమోనన్న అనుమానం అతన్ని ఇంట్లో నిలవనివ్వలేదు. అంజినప్ప పిలవకుండానే బస్సెక్కాడు.

"ఈయన పన్ను ఎంతయినా సరే కట్టించుకోండి సార్. అంగళ్ళు మూసుకుని కూచున్నాం," అన్నాడు బయ్యన్న ఆడిటరుతో.

"పోయిన తూరే చెప్పినాను కదా. ఈయనకు నయాపైసా పన్ను లేదు."

కదిరప్ప నేలచూపులు చూశాడు. "అయితే బోరు?" అన్నాడు అంజినప్ప.

"పన్ను ఈయనదైతే నువ్వు అంగడి యాల మూసినావు?" అని ఆడిటరు బయ్యన్నను అడిగాడు.

"ఊరికే సార్. సున్నం ఏయిద్దామని."

రామదాసుకు ఇవేవీ వినిపించలేదు. "అదెట్ల సార్? ఇద్దరిదీ ఒకే ఫండు. మరి నాకు యాల పడింది?"

"నువ్వే అడిగినావు కాబట్టి చెప్తాండా. ఆయన దుడ్లు పోస్టాఫీసులో పెట్టినాడు. నువ్వు బయట వడ్డీకి తిప్పుతాండావు. ఆ వడ్డీకి మినహాయింపు యాడుంటాది?"

అందరూ రామదాసు వైపు చూశారు. బయ్యన్న మాత్రం పైకప్పు వైపు చూశాడు. అప్పు ఎవరికిచ్చాడో ఇంకెవరూ అడగనవసరం లేకపోయింది.

మర్నాటికి అంగళ్ళు తెరుచుకున్నాయి. అంజినప్ప చాప చుట్టుకుని తన ఊరికి వెళ్ళిపోయాడు. చందా వెనక్కి అడగడానికి కదిరప్పకు నోరు రాలేదు. అబద్ధం చెప్పినందుకు వీధిలో ఒక్కొక్కరినీ క్షమించమందామని చొక్కా తొడుక్కుంటుండగా రామదాసు వచ్చాడు. ముఖం వడిలిపోయి ఉంది.

"ముప్పై ఏండ్లు ఒకే కుండలో నీళ్ళు తాగినాం. పన్ను పడకుండా పెట్టుకునే ఉపాయం నాకు ఒక్క మాట చెప్పకపోతివే."

కదిరప్ప ఆ ముఖంలోని బాధను గుర్తుపట్టాడు. అది మొన్నటిదాకా తనదే. చొక్కా విప్పి వంకీకి తగిలించి, నిదానంగా కూర్చున్నాడు.

"దానికి తెలివుండల్లప్పా," అన్నాడు.

రామదాసు కాఫీ ముట్టకుండా లేచిపోయాడు. ఉగాది దాకా మాట్లాడలేదు. రిటైరయ్యాక కదిరప్ప అంత సుఖంగా గడిపిన కాలం మరొకటి లేదు.