ఊ కొట్టే సలహాదారు

మధ్యాహ్నం మూడింటికి డైరెక్టరుగారు చూడడానికి వచ్చేలోగా, తన ప్రోగ్రాములో తప్పెక్కడుందో అత్తగారికి చెప్పి తెలుసుకోవాలని ఆ ఉదయం కోడలు అనుకుంది.

ఆమె జాతీయ పరిశోధనశాలలో కంప్యూటర్ శాస్త్రవేత్త. నదికి వరద ఎప్పుడొస్తుందో ముందే చెప్పే ప్రోగ్రాము రాస్తోంది. ఎక్కడైనా చిక్కుపడితే ఇంటికొచ్చి, బఠాణీలు ఒలుచుకునే అత్తగారి ముందు కూర్చుని మొదటినుంచీ చెప్పుకొస్తుంది. అత్తగారికి ఒక్క ముక్క అర్థం కాదు. అయినా కథ వింటున్నట్టు ఊ కొడుతుంది. సగం చెప్పేసరికి తప్పు దానంతట అదే బయటపడుతుంది. ఉద్యోగంలో ఆమె ఇంత పైకి వచ్చిందంటే ఆ 'ఊ' చలవే. ఆఫీసులో మాత్రం ఈ సంగతి ఎవరికీ తెలియదు.

ఇప్పుడేమో ప్రోగ్రాము మండువేసవిలో కూడా ఊరు మునిగిపోతుందంటోంది. ఈరోజు సరిచేయకపోతే ఏళ్ల తరబడి చేసిన పని పక్క విభాగానికి పోతుంది. చెప్పడం మొదలుపెట్టిందో లేదో, వెంటనే రమ్మని ఆఫీసునుంచి ఫోను. చేసేది లేక అత్తగారినీ, బఠాణీల సంచినీ కారెక్కించుకుంది.

గేటు దగ్గర సెక్యూరిటీ ఆయన బంధువులను లోపలికి పంపనన్నాడు.

"ఈవిడతో మాట్లాడితేగానీ నా పని తెమలదండీ," అంది కోడలు.

ఆయన అత్తగారిని ఎగాదిగా చూసి, లేచి నిలబడ్డాడు. "ముందే చెప్పొద్దూ మేడమ్," అంటూ సలహాదారులకిచ్చే ఎర్ర బిళ్ల ఆవిడ మెడలో వేశాడు.

అత్తగారిని గదిలో కూర్చోబెట్టి నోరు తెరిచేలోగా కంప్యూటర్ల గదినుంచి పిలుపొచ్చింది. కోడలు తిరిగొచ్చేసరికి, ఎర్ర బిళ్ల చూసి ఆగిన పక్కగది లెక్కల ఆయన ఆవిడకు తన లెక్క తేలని గోడు వెళ్లబోసుకుంటున్నాడు. ఆవిడ ఊ కొడుతోంది. ఆయన ఉన్నట్టుండి ఆగి, నుదురు కొట్టుకుని, తన గదికి పరుగెత్తాడు.

అంతలో కోడలికి కంప్యూటర్ల గదినుంచి మళ్లీ పిలుపొచ్చింది. లెక్కల ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. భోజనాల వేళకు గది ముందు పెద్ద వరస. నిలబడినవాళ్ల చేతుల్లో తలా ఒక గుప్పెడు బఠాణీకాయలు. ఊరికే నిలబడటమెందుకని అత్తగారే పంచిందట. కోడలు తన గదిలోకి తాను వెళ్లబోతే వరసలో రమ్మని వెనక్కి పంపారు. ఆవిడ మా అత్తగారంటే, పొద్దుటినుంచీ అందరూ ఇలాగే చుట్టరికం కలుపుతున్నారన్నారు. తాను నిజంగా కోడలేనా అని ఒక్క క్షణం ఆమెకే అనుమానమొచ్చింది.

మూడైంది. డైరెక్టరుగారు వచ్చి, వరస చూసి, సంగతి విని, నేరుగా లోపలికెళ్లి తలుపేసుకున్నారు. కోడలు తలుపు దగ్గరకు జరిగింది. మాటలు బయటికి వినిపిస్తూనే ఉన్నాయి. ఈ పని పక్క విభాగానికి ఇచ్చేద్దామనుకుంటున్నారట. ప్రోగ్రాములోనే ఏదో తప్పుందట. నీటిమట్టాల అంకెలు మాత్రం తానే స్వయంగా పంపారట.

"ఊ."

"నది దగ్గర కొలిచేవాళ్లు అడుగుల్లో ఇచ్చారు. నేను వాటిని మీటర్లని..."

"ఊ."

తలుపు తెరుచుకుంది.

బయటికొచ్చిన డైరెక్టరుగారు ఎవరి మొహమూ చూడలేదు. పని కోడలి దగ్గరే ఉంటుందన్నారు. సలహాదారు ఇకనుంచి రోజూ ఆ గదిలోనే కూర్చోవాలన్నారు. కోడలికి వరండాలో బల్ల వేయిస్తామన్నారు. నవ్వాలో ఏడవాలో ఆమెకు పాలుపోలేదు.

కారెక్కాక, రేపు కూడా వస్తారా అని అత్తగారిని అడిగింది.

"నేను రాను అమ్మాయ్," అంది అత్తగారు. "అంతంత చదువులు చదివారు. ఒక్కరికీ కథ చివరిదాకా చెప్పడం రాదు."