నలుపుకు గిరాకి

"కచ్చా రంగు వేసినవాడు నేతకు ద్రోహి! సంఘానికి ద్రోహి! గద్వాలకు ద్రోహి!"

చేనేత సంఘం అధ్యక్షుడు నాగప్ప సేటు బల్ల గుద్ది మరీ ప్రకటించాడు. చాయ్ గ్లాసులు ఎగిరిపడ్డాయి. రాష్ట్రద్రోహం, దేశద్రోహం దాకా వెళ్లేవాడే గానీ, ఈలోగా ఆయాసం వచ్చింది.

తీర్మానం సారాంశం ఇది. ఇకనుంచి రంగేసిన ప్రతి పోగునూ తడిపిన తెల్లగుడ్డతో రుద్ది చూస్తారు. గుడ్డకు రంగు అంటిందా, వేసినవాడికి పని బంద్! సంఘానికి రంగులు వేసేది ఎల్లన్న ఒక్కడే. మోచేతుల దాకా ఎరుపూ నీలమూ, తల మాత్రం తెల్లగా దూదిపింజ. ద్రోహి అన్నప్పుడల్లా అందరూ ఆయన వంకే చూశారు.

"ముప్పై ఏండ్ల సంది రంగేస్తున్న సేటూ. ఒక్క పోగన్న దిగిందా?" అన్నాడు ఎల్లన్న.

"దిగలే. దిగొద్దనే చెప్తున్న. రూలు ఎవరికైనా ఒకటే!"

ఇంత కరాఖండిగా మాట్లాడిన నాగప్పను లోలోపల ఒక దిగులు తినేస్తోంది. నెత్తిమీద ముందువైపు జుట్టు వెనక్కి జరిగిపోతోంది. జరగకుండా నిలబడిందేమో తెల్లబడుతోంది. ఆరు నెలల్లో సంఘం ఎన్నికలు! పడుచువాడెవడో పోటీకి సై అంటున్నాడట. "ఇగ ముసలోళ్లు ఇంట్ల కూసోవాలె" అని చాయ్ హోటల్లో అన్నాడట కూడా. ఆ మాట చెవిన పడ్డప్పటి నుంచి నాగప్పకు అద్దమంటేనే భయం.

సరిగ్గా అప్పుడే గోపాల్ అనే ఏజెంటు వనపర్తి నుంచి వచ్చి గద్వాల లాడ్జిలో దిగాడు. చేతిలో తెల్లజుట్టును నల్లబరిచే 'నీలకుంతల' గోళీలు. నెలకో సీసా, సీసా నాలుగు వందలు!

"అంత పిరమా?" అన్నాడు నాగప్ప.

"పిరం గాకుంటె మీ అసోంటి పెద్దమనిషికి ఎట్ల ఇస్త సేటూ? అగ్గువ మందులు మామూలు తలలకు."

తన తల మామూలు తల కాదని నాగప్పకు ముందునుంచీ అనుమానమే. వెంటనే కొన్నాడు. మూడు నెలలు పరగడుపున, తూర్పు ముఖంగా నిలబడి, పాలతో మింగాడు. వెంట్రుక ఒక్కటి నల్లబడితే ఒట్టు! అయినా కార్యవర్గ సభ్యులు శంకరయ్య, తిమ్మప్ప, పెద్దన్న అడిగినప్పుడు మాత్రం, "కుదుళ్లకెల్లి నలుపు పుడుతున్నది!" అన్నాడు. పన్నెండు వందలు పోసి ఏమీ పుట్టలేదని ఎలా చెబుతాడు? ముగ్గురూ తలా రెండు సీసాలు కొన్నారు.

భార్య రామేశ్వరమ్మ మాత్రం నమ్మలేదు.

"ఇగో, నీ గోళీలు నాలుగు బర్రె కుడితిల ఏసిన."

"అయ్యయ్యో! ఎందుకే?"

"పనిచేస్తదో లేదో చూద్దామని. మస్తు పనిచేసింది! బర్రె నల్లగ నిగనిగలాడుతున్నది, పోయి జూడు!"

నెల తిరిగేసరికి ముగ్గురు సభ్యులూ నల్లటి తలలతో మీటింగుకు వచ్చారు. నాగప్ప మూడు తలలనూ మార్చి మార్చి చూశాడు. అదే ఏజెంటు, అవే సీసాలు! అందరికీ పనిచేసిన మందు తనకు పనిచేయలేదంటే లోపం ఎక్కడుంది? ఇంకెక్కడ, తన ఒంట్లోనే! ఈ సంగతి బయటపడితే ఇజ్జత్ పోదూ?

తిన్నగా ఎల్లన్న దగ్గరికి నడిచాడు.

"చీర అంచు నమూనాకు జర నల్లరంగు కావాలె."

"తీస్కపోండ్రి సేటూ. ఈ నెల నలుపుకు మస్తు గిరాకి ఉన్నది" అన్నాడు ఎల్లన్న, ఇంకేమీ అడగకుండా.

పట్టుకు పట్టిన రంగు వెంట్రుకకు పట్టదా అన్నది నాగప్ప తర్కం. మూడు తరాలుగా పట్టు నేసే ఇంట్లో పుట్టినవాడికి ఇంకో తర్కం ఎలా తోస్తుంది! పట్టింది కూడా. రాజోలి బస్సెక్కే వాళ్లను సైతం ఆపి, "మందు మహిమ!" అని తల చూపించాడు.

అంతలో జాతర వచ్చింది. సంఘం తరఫున ఏటా శ్రీరంగాపూర్ రంగనాయకస్వామికి ఎర్రంచు తెల్లపంచెలు జోడు సమర్పించడం ఆనవాయితీ. ఊరి మొదట్లో వ్యాను దిగి, వాటిని వట్టి తల మీద మోసుకుపోవాలి. తలపాగా, తువ్వాల పనికిరావు. అధ్యక్షుడు ముందు మోశాడు. తర్వాత శంకరయ్య, తిమ్మప్ప, పెద్దన్న వంతులవారీగా మోశారు. వెనకే ఎల్లన్న నడిచాడు. ఎండ మాడ్చేస్తోంది. నలుగురి తలలూ చెమటతో తడిసి ముద్దయ్యాయి.

గుడి వాకిట్లో పెద్దన్న తల మీది నుంచి పంచెలు అందుకున్న అయ్యగారు కెవ్వుమన్నంత పనిచేశారు. అడుగు పంచె నిండా నాలుగు నల్లటి మరకలు!

"ఎల్లన్నా!" నాగప్ప గొంతు జాతరంతా వినిపించింది. "కచ్చా రంగేసి స్వామి పంచె ఖరాబు చేస్తివి గదరా! రేపటి సంది నీకు పని బంద్!"

ముప్పై ఏళ్ల పని! ఎల్లన్న పంచెను తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"సేటూ, ఇండ్ల తెలుపున్నది, ఎరుపున్నది. నలుపు పోగే లేదు గద!"

నాగప్పకు ఆ సంగతి తట్టనే లేదు.

ఎల్లన్న తన తెల్లతువ్వాల కొస తడిపి ఎర్రంచును గట్టిగా రుద్దాడు. ఏమీ అంటలేదు. అదే తువ్వాలతో అధ్యక్షుడి ముందుకొచ్చాడు.

"రూలు ఎవరికైనా ఒకటే అంటిరి గద. జర తల వంచుండ్రి."

"నాది మందు నలుపు! కావాలంటె శంకరయ్య తల జూడు!"

శంకరయ్య రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడు. తిమ్మప్ప గాజుల దుకాణం వెనక్కి నక్కాడు. పెద్దన్నకు నక్కే దారి లేదు, చెవి పక్కనుంచి నల్లధార కారుతోంది.

"నీది మందుతోని గాదా శంకరయ్యా?"

"మీకు పనిచేసి నాకే చేస్తలేదనుకున్న సేటూ. ఇజ్జత్ పోతదని ఎల్లన్న దగ్గర..."

"నేను గూడ గట్లనే!" అంది గాజుల దుకాణం.

ఎల్లన్న నెత్తి కొట్టుకున్నాడు. "పట్టునైతే సలసల కాగే నీళ్లల్ల ఉడకబెడత, అప్పుడు పక్కా అయితది. మీ తలకాయలు ఏ కాగుల ఉడకబెట్టాలె? తలకని అడిగితె వద్దని చెప్పకపోదునా! అందరు చీర అంచుకంటిరి!"

అయ్యగారు విసుక్కున్నారు. "పై పంచె శుభ్రంగానే ఉంది. రంగు కారని తల మీద పెట్టి లోపలికి తీసుకురండి!"

సంఘం నుంచి వచ్చిన ఐదుగురిలో వెతికితే అలాంటి తల ఒక్కటే దొరికింది. నాగప్పే స్వయంగా పంచెను ఎల్లన్న తెల్లజుట్టు మీద పెట్టాల్సి వచ్చింది. జనం దారి ఇచ్చి దండం పెడుతుంటే, వెనక నడుస్తున్న నాగప్పకు సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

మర్నాడు సంఘం అత్యవసరంగా సమావేశమై ఏకగ్రీవంగా తీర్మానించింది: తడిగుడ్డ పరీక్ష పోగులకు మాత్రమే, కార్యవర్గానికి వర్తించదు!

వారం తర్వాత ఏజెంటు గోపాల్ తెల్లకాగితంతో వచ్చాడు. "మందు గుణం గురించి నాలుగు ముక్కలు రాసియ్యుండ్రి సేటూ!"

నెత్తికి తువ్వాల బిగించుకున్న నాగప్ప కలం పట్టుకుని లెక్క వేసుకున్నాడు. నిజం రాస్తే నాలుగు వందల చొప్పున మోసపోయిన వెర్రివాడవుతాడు. వెర్రివాడికి ఓటెవడు వేస్తాడు? 'అద్భుతం. నా జుట్టే సాక్ష్యం' అని రాసి సంతకం గీకాడు. కింద ముగ్గురు సభ్యులూ సంతకాలు చేశారు.

రంగేసిన పోగులు అప్పజెప్పడానికి వచ్చిన ఎల్లన్న గుమ్మంలో నిలబడి అంతా చూశాడు.

"ఈ కాయిదం యాడికి తీస్కపోతవు బాబూ?"

"నాగర్‌కర్నూలుకు. ఆడ్నుంచి తెలకపల్లి, ఉప్పునుంతల."

ఎల్లన్న తల ఊపి, తిన్నగా రంగుల దుకాణానికి వెళ్లి యజమానితో అన్నాడు.

"సేటూ, ఈసారి నలుపు నాలుగు డబ్బాలు ఎక్కువ తెప్పియ్యి. ఇగ నాగర్‌కర్నూలు దిక్కుకెల్లి గూడ చీర అంచుకని వస్తరు."