తెప్పెక్కిన జాతీయ జట్టు

ఒక పెద్ద అడవిలో, అదీ ఆఫ్రికా నడిబొడ్డున, ఫుట్‌బాల్ అంటే చెవి కోసుకునే జంతువులుండేవి. నలభై ఏళ్లకి వాళ్ల జాతీయ జట్టు మొదటిసారి ఖండం కప్పు ఫైనల్‌కి చేరింది.

ఆట నది అవతల. నదినిండా మొసళ్లు. ఉన్నది ఒకటే తెప్ప, అది మోసేది పన్నెండుమందిని.

ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు నీటి ఏనుగు సమావేశం పెట్టాడు. కార్యదర్శి కొండముచ్చు జాబితా చదివాడు.

"అధ్యక్షులవారు, నేను, అధ్యక్షులవారి బావమరిది, జెండా పట్టుకునేవాడు, వాడు సరిగ్గా పట్టుకున్నాడో లేదో చూసేవాడు, విజయోత్సవ కమిటీ ఆరుగురు. పన్నెండో చోట్లో సన్మానం శాలువాలు."

"మరి మేం?" అంది కెప్టెన్ జింక.

"రెండో విడతలో రండి."

"సార్, మీరు నీళ్లలోనే పుట్టారు కదా. ఈదుకుంటూ వస్తే..."

"అధ్యక్షుడు ఈదితే దేశం పరువేం కాను?" అన్నాడు నీటి ఏనుగు.

జింకకి ఏడుపొచ్చింది. "ఇదే నా ఆఖరి కప్పు సార్. వచ్చేసారికి ఈ కాళ్లు పరుగెత్తవు."

"ఏడవకమ్మా, తెప్ప వెంటనే పంపిస్తాంగా!"

పంపేవాళ్లే పాపం. కానీ అవతల దిగగానే విజయోత్సవ కమిటీవాళ్లు ఊరేగింపుకని తెప్పకి పూలదండలు కట్టడం మొదలెట్టారు. ఒక్క దండ కూడా నలగకూడదట.

ఇంతలో రిఫరీ కొంగ వచ్చింది. "పదకొండుమంది మైదానంలోకి దిగండి. లేకపోతే మీ అడవిని ఆటనుంచి వెలేస్తాం!"

లెక్కపెట్టి చూసుకుంటే సరిగ్గా పదకొండుమందే ఉన్నారు.

దిగక తప్పలేదు. కొండముచ్చు బంతి దొరకగానే చెట్టెక్కేశాడు. జెండావాడు జెండా వదల్లేదు, చూసేవాడు జెండామీంచి చూపు తిప్పలేదు. గోల్‌కీపర్‌గా దిగిన నీటి ఏనుగు ఆవలించినప్పుడల్లా బంతి నోట్లోకే వెళ్లింది, ఆయనేమో గోల్ గీత వెనకే కూర్చున్నాడు, అంటే నోట్లో పడ్డ ప్రతి బంతీ గోలే.

ఇవతల ఒడ్డున జింక అటూ ఇటూ పరుగెడుతూ గొంతు చించుకుంది. "ఎడమకి కొట్టండి సార్! అది మన గోలు సార్!"

ప్రత్యర్థి జట్టు ఎడారి కుందేళ్లు ఇరవైమూడు గోల్స్‌తో గెలిచాయి.

ఓటమిపై విచారణ జరిగింది. బావమరిదిగారే విచారణాధికారి. మర్నాటికే నివేదిక వచ్చేసింది: "ఫైనల్ జరుగుతుండగా కెప్టెన్ మైదానంలో లేకపోవడం క్షమించరాని నిర్లక్ష్యం. జింకకి జీవితకాల నిషేధం."

నీతి: ఓడిపోవడానికి ఆడక్కర్లేదు, ఒడ్డున ఉంటే చాలు.