డొంక బాగుపడిన విధం

సహకారంలో మా ఊరు జిల్లాకే ఆదర్శమని ఇందుమూలంగా యావన్మందికీ తెలియజేస్తున్నాను.

2001 తుఫాను వానలకు మిరప చేలకు వెళ్ళే డొంక గుంటలు పడి బురదలో కలిసిపోయింది. కోతలు మొదలైతే బళ్ళు కదలవు, కాయ గుంటూరు యార్డు ముఖం చూడదు. ఆదివారం శ్రమదానమని సర్పంచి రోశయ్యగారు మైకులో ప్రకటించారు. "ఊరంతా కదలాలి. నేను మీ వెనకే ఉంటాను" అన్నారు. ముందు ఎవరుండాలో సెలవివ్వలేదు.

ఊరు ఏకగ్రీవంగా ఒప్పుకుంది. అందరూ వస్తే తామూ వస్తామని ప్రతి ఇల్లూ మాటిచ్చింది.

ఆదివారం పొద్దున్నే జనమంతా డొంక దగ్గర చేరారు. ఒక్కరి చేతిలోనూ పార లేదు. మిగతావాళ్ళు తెచ్చారో లేదో చూసి, అప్పుడు తెచ్చుకుందామని వచ్చారు. ఎవరూ తేలేదని కళ్ళారా చూసి తృప్తిపడ్డారు.

"చూశావా బాజీ, ఒక్కడన్నా పార తెచ్చాడా?" అన్నాడు వీరబాబు.

"నువ్వు తెచ్చావేంట్రా?"

"ఎవరూ తేనప్పుడు నేనెందుకు తేవాలి?"

ఈ వాదనలో తప్పు పట్టగలవాడు మా ఊళ్ళో లేడు.

అందరూ ఇళ్ళకు మళ్ళుతుండగా హనుమాయమ్మ పార భుజాన వేసుకుని వచ్చింది. ఎకరం మిరప కౌలుకు చేసుకునే ఒంటరి మనిషి. చెవులు కాస్త మందం. శ్రమదానమన్న మాట వినబడింది గానీ, దానికి ఊరు పెట్టిన షరతు వినబడలేదు. మొదటి గుంట బాజీ చేను ముందుంది. దాన్ని పూడ్చడం మొదలుపెట్టింది.

బాజీ ఆమె దగ్గరకు వెళ్ళి గట్టిగా అడిగాడు. "మా చేను కాడ నీకేం పని పిన్నీ?"

"గుంట ఇక్కడుంటే ఇంకెక్కడ పూడ్చమంటావురా?"

బాజీకి తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్ళి పార తెచ్చి హనుమాయమ్మ చేను ముందు గుంట పట్టాడు. అది చూసి పక్క చేను జయకుమారి తట్ట ఎత్తింది. ఆడమనిషి మట్టి మోస్తుంటే నిలబడి చూడటం వీరబాబుకు నామోషీ అయింది. పది గంటలకల్లా నలభై పారలు లేచాయి.

మధ్యలో వీరబాబు చుట్ట ముట్టించాడు. వెంటనే మిగతా పారలూ ఆగాయి. హనుమాయమ్మ మాత్రం ఎవరివంకా చూడకుండా తవ్వుతూనే ఉంది. వీరబాబు చుట్ట ఆర్పాడు. అన్ని పారలూ మళ్ళీ కదిలాయి.

సాయంత్రానికి డొంక సాపయింది. రోశయ్యగారు విచ్చేసి, సమర్థ నాయకత్వం ఫలితాల గురించి గంటసేపు ప్రసంగించి దండ వేయించుకున్నారు.

మర్నాడు పక్క ఊరివాళ్ళు చూడటానికి వచ్చారు. వాళ్ళ డొంకదీ అదే గతి.

"మీరు అదృష్టవంతులండీ. మా ఊళ్ళో మొదలుపెట్టే మనిషే లేడు" అన్నాడు వాళ్ళలో పెద్దాయన.

"మరి మీరో?" అడిగింది జయకుమారి.

"నేను రెండోవాణ్ణమ్మా. మా ఊరంతా రెండోవాళ్ళమే."